ఆరు వోల్టుల దీపాలు

బండి దీపాలు బాగాలేవన్న మాట మా ఇంట్లో మొదట అన్నది మా ఆయన ఓబుళేసు. అది నిజమే. అరవై ఆరో సంవత్సరం ఎండాకాలంలో నేనూ అదే మాట చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది నిజమే. అయినా నా జన్మలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ అదే పెద్దదని ఇప్పటికీ అనిపిస్తుంది.

గుమ్మఘట్టకు ఇవతల మూడు మైళ్ళ దూరంలో అప్పట్లో ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. నేను అక్కడ ఆయాను. కాన్పులు చేయడం డాక్టరు గ్రేసమ్మగారే నాకు దగ్గరుండి నేర్పించారు. మా ఆయన అక్కడే డ్రైవరు. ఆసుపత్రి వెనక ఇచ్చిన రెండు గదుల్లో మేమిద్దరం, మా అత్త నల్లమ్మ కాపురం ఉండేవాళ్ళం. మాకు పిల్లలు లేరు.

ఆసుపత్రికి ఉన్నది ఒకే ఒక్క పికప్పు బండి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. వెనక తొట్టికి గుడ్డకప్పు వేసి, నులకమంచం పట్టేటట్టు చేశారు. ఏదో దూరదేశంలో తయారై, ఓడమీద మద్రాసుకు వచ్చి, అక్కడినుంచి మా దాకా చేరింది. ఇంజను మహా గట్టిది. మోకాటి లోతు ఇసుకలో దిగినా లాక్కుని బయటపడేది. దీపాలు మాత్రం వచ్చిన రోజునుంచీ అంతంత మాత్రమే. వెలిగించాక అవి వెలిగాయో లేదో తెలియాలంటే దిగి ముందుకు పోయి చూడవలసి వచ్చేది. రోడ్డుమీద పసుపునీళ్ళు చిలకరించినట్టు పది గజాల మేర పడేది ఆ వెలుగు.

అంతకు ముందు ఏడాది వానలు పడలేదు. ఆ ఏడాదీ చుక్క లేదు. బావుల్లో మట్టి తేలింది. పల్లెలకు పల్లెలు మూటా ముల్లె కట్టుకుని తుంగభద్ర కాలువల కింద కూలికి నడిచిపోతున్నాయి. పగటి ఎండకు తాళలేక జనం పొద్దుగుంకాకే రోడ్డెక్కేవాళ్ళు. మేకలు, గొర్రెలు, ఎద్దులబండ్లు, తలమీద తట్టలతో ఆడవాళ్ళు, అందరూ ఆ చీకట్లోనే.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆరుమైళ్ళ అవతలి పల్లెనుంచి మనిషి వచ్చాడు. బిడ్డ అడ్డం తిరిగిందని, తల్లి ప్రాణంమీదికి వచ్చిందని చెప్పాడు. ఆమెను తీసుకురావడానికి మేమిద్దరం బయల్దేరాం. పొద్దు కుంకింది గాని పడమర ఇంకా ఎర్రగానే ఉంది. ముందు ఒక ఎద్దులబండి పోతోంది. బండినిండా సామాన్లు, పైన బోర్లించిన మంచం. రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉంది. ఆ మంచం కోళ్ళు నాలుగూ నాకు కనిపిస్తున్నాయి.

ఆయన వేగం తగ్గించలేదు. దగ్గరికి పోయాక పక్కకు తప్పిస్తాడులే అనుకున్నాను. ఎప్పుడూ అట్లాగే తోలేవాడు.

"బండి," అన్నాను.

"యాడ?"

ఆ ఒక్కమాటే. అంతలో పోయి గుద్దుకున్నాం.

ఎద్దులు కాడి తెంపుకుని పొలాల్లోకి పరిగెత్తాయి. బండి ఒక పక్కకు ఒరిగింది. తోలుతున్నతను ఎగిరి కంకర మీద పడ్డాడు. అతని పేరు లింగన్న. లేచి కూర్చుని, వేలాడుతున్న కుడి మణికట్టును ఎడంచేత్తో పట్టుకుని, నొప్పికంటే ఆశ్చర్యంతో మా ఆయన వైపు చూశాడు.

"ఏమప్పా, ఇంతలావు బండి కనపడలేదా నీకు?"

"దీపాలు ల్యావన్నా," అన్నాడు మా ఆయన. "నువ్వే సూడు. దీపాలా ఇవి?"

లింగన్న లేచి వచ్చి ముందర నిలబడి చూశాడు. "నిజమే. మా గుడిసెలో బుడ్డీదీపం ఇంతకంటే మేలు," అన్నాడు. అతను అంత తొందరగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. నా గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. చేతికి కట్టుకట్టి, అతన్ని కూడా ఎక్కించుకుని, ఆ కాన్పుమనిషి కోసం ముందుకు పోయాం. ఆ రాత్రి తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

మరునాడు పొద్దున డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిపించారు. ఆమెది బందరు వైపు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"సుంకమ్మా, నువ్వు పక్కనే కూర్చున్నావుగా. అసలు ఏం జరిగింది?"

"దీపాలు బాగాలేవమ్మా," అన్నాను.

ఆమె కిటికీలోంచి బండిని కాసేపు చూశారు. "మనుషుల్ని బతికించడానికి పోతూ మనుషుల్ని గుద్దుకుంటూ పోతే మనకీ ఆసుపత్రి ఎందుకు? రాయదుర్గం తీసుకెళ్ళి దీపాలు బాగుచేయించండి. అందాకా చీకటి పడ్డాక బండి కదలకూడదు." తర్వాత మా ఆయన వైపు తిరిగారు. "ఓబుళేసూ, నిన్ను అనడానికి నాకు మనసొప్పదు. కానీ దీపాలు బాగయ్యాక కూడా ఇలాంటిది జరిగితే మాత్రం నేను వేరే డ్రైవర్ని చూసుకోక తప్పదు."

ఆయన తల ఊపాడు.

ఆ రాత్రి అన్నం పెట్టాను. చెంబు ఎప్పుడూ పెట్టే చోట కాక కొంచెం ఎడంగా పెట్టానేమో, ఆయన చెయ్యి నేలమీద తడుముకుంటూ పోయింది. బుడ్డీ గూట్లోనే వెలుగుతోంది. నేను చూడనట్టు చెంబును ఆయన వేళ్ళ దగ్గరికి జరిపాను. అట్లా జరపడం నాకు అలవాటై చాలా రోజులైంది. అది అలవాటు అయిందన్న సంగతి మాత్రం ఆ రాత్రే గమనించాను.

మా అత్త గోడకు ఆనుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

"వాండ్ల నాయనా ఇంతే," అంది ఉన్నట్టుండి. "పొద్దుమునిగితే గడప దాటేటోడు గాదు. దయ్యాలంటే బయమని ఊరంతా నవ్వుతాండ్రి. దయ్యాలు గాదు ఏమీ గాదు. నాకు తెలుసు."

ఆయన తింటున్న చెయ్యి ఆపాడు. ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచి, గోడ పట్టుకుని బయటికి పోయాడు.

"మాట్లాడాకు అత్తా," అన్నాను నేను. "దీపాలు బాగాలేక గుద్దుకున్యాడు. దీపాలు బాగైతే అన్నీ బాగైతాయి."

ఆ మాట అత్తకు చెప్పానో నాకు నేను చెప్పుకున్నానో.

రాయదుర్గంలో బస్టాండు వెనక నారాయణప్ప కొట్టు. బ్యాటరీలకు చార్జి పెట్టడం, బండ్లకు తీగెలు వేయడం ఆయన పని. యాభై దాటిన మనిషి. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీల దగ్గర పనిచేశాడట. కళ్ళద్దాలకు ఒక కాడ లేక దారం కట్టుకుని చెవికి తగిలించుకునేవాడు. బండి కింద దూరి, పైకి లేచి, డ్యాష్‌బోర్డు విప్పి, ఒక పూటంతా చూశాడు. తర్వాత చిటికెనవేలంత లావు తీగె ఒకటి తెచ్చి, ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస దీపానికి తిన్నగా ఆనించాడు.

పట్టపగలు. అయినా కళ్ళు చికిలించాల్సి వచ్చింది. పసుపుగా ఉండే దీపం పాలలా తెల్లబడింది.

"సూస్తివా ఓబుళేసూ? దీపం మంచిదే. దానికి పెట్టే తిండే సాలడంల్యా." మీటరు తీసి ఒకసారి బ్యాటరీ దగ్గర, ఇంకోసారి దీపం దగ్గర పెట్టి చూపించాడు. "ఈడ ఆరు వోల్టులుండాయి. ఇది డ్యాష్‌బోర్డు కాడికి పోయి, ఆడ స్విచ్చి తిరిగి, మళ్ళ కాలికింద స్విచ్చి తిరిగి, ఈ దారమంత తీగెలో పారి దీపం కాడికి వచ్చేసరికి నాలుగున్నర. మిగిలిందంతా దావలోనే పాయె. తయారుచేసినోళ్ళు తీగె కాడ పీనాసితనం చేసినారు."

"అయితే తప్పంతా దీపాలదేనా అన్నా?" అని అడిగాను.

"మరెవరిదమ్మా? ఈ వెలుగులో ఎవురికి కనపడతాది?"

మూట విప్పి రొట్టెలూ ఊరిమిండి పచ్చడీ ఆయన ముందు పెట్టాను. నాకు ఆ క్షణంలో ఆయన దేవుడిలా కనిపించాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఎన్ని రోజులకో.

మూడు రోజులు పట్టింది పని. బ్యాటరీనుంచి దీపాల దాకా లావు తీగె తిన్నగా లాగారు. పాత మిలిటరీ లారీదంటూ నారాయణప్ప ఒక చిన్న డబ్బా తెచ్చి బానెట్టు కింద బిగించాడు. దాన్ని రిలే అన్నాడు. పాత స్విచ్చి ఇకమీద దానికి సైగ మాత్రమే చేస్తుందట, అసలు కరెంటును ఆ డబ్బానే దీపాలకు వదులుతుందట. తుప్పుపట్టిన చోటల్లా గరుకు కాగితంతో రుద్ది, ఇనుము మెరిసేదాకా తెచ్చి, అక్కడ ఎర్తు తీగెలు బిగించారు. దీపాల వెనక, వెలుగును ముందుకు తిప్పే గిన్నెలు మసకబారి ఉంటే పాత్రలకు పూత పోసేవాడి దగ్గరికి పంపి మళ్ళీ వెండిపూత పెట్టించారు. మా ఆయన నారాయణప్పకు సమానంగా పనిచేశాడు. పగటి వెలుగులో ఆయన చేతులు ఎప్పుడూ తడబడేవి కావు.

మూడోరోజు పొద్దుగుంకాక బండిని పక్కనున్న గోదాము గోడకు ఎదురుగా నిలబెట్టారు. నారాయణప్ప గోడమీద సుద్దతో గీతలు గీసి, వెలుగు ఆ గీతలకు సరిగ్గా కింద పడేటట్టు మరలు తిప్పుతున్నాడు. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొట్టకూడదట.

"ఎడంపక్కది గీత దాటిందా ఓబుళేసూ?"

"బెత్తెడు దాటింది. దించన్నా. ఆఁ, సరిపాయె."

గోడమీది గీతలన్నీ ఆయనకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నా ప్రాణం లేచివచ్చింది.

"ఆ పానా అందియ్యప్పా, నీ కాలికాడ ఉండాది."

మా ఆయన వంగాడు. పానా ఆయన కుడి పాదం పక్కనే ఉంది. గోడమీదినుంచి తిరిగి వస్తున్న వెలుగులో నాకది మెరుస్తూ కనిపిస్తోంది. ఆయన చెయ్యి దానికి అటుపక్క మట్టిలో వెతికింది, తర్వాత ఇటుపక్క వెతికింది. నేను పోయి తీసి ఇచ్చాను. నారాయణప్ప దాన్ని అందుకోకుండా ఒకసారి ఆయన మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

బయల్దేరేటప్పుడు నా పక్కకు వచ్చి, "దీపం ముందుకే సూపిస్తాదమ్మా, పక్కలకు సూపించదు. నిదానంగా తోలమను," అన్నాడు.

తర్వాత రెండు మూడు రోజులకు డాక్టరమ్మే స్వయంగా పరీక్ష పెట్టారు. మునిమాపు వేళ బండిని ఆసుపత్రి ముందు నిలబెట్టించి, తాను పేపరు పట్టుకుని ఆ తిన్నని రోడ్డుమీద నడుచుకుంటూ పోయి, చాలా దూరాన నిలబడి మాకు వినబడేటట్టు పైకి చదివారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళంతా బయటికి వచ్చి చూశారు. ఆమె నవ్వుకుంటూ తిరిగివచ్చి, "ఇక నీకు భయం లేదు ఓబుళేసూ," అన్నారు.

"ల్యాదమ్మా," అన్నాడు ఆయన.

ఆ తర్వాత నాలుగు వారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. చీకట్లో ఏడెనిమిదిసార్లు పోయాం. వెలుగు పడిన మేర ఆయనకు బాగానే కనిపించేది. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ మునుపటి ఓబుళేసులాగే తోలేవాడు. నేను వీలైనప్పుడల్లా ముందరే కూర్చున్నాను. మలుపు వస్తే, "ఈడ తిరుగుడుండాది గదా," అని ఏదో మాటవరసకు అన్నట్టు అనేదాన్ని. ఆయనా మాటవరసకు విన్నట్టు విని తిప్పేవాడు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మే నెల ఆఖరులో రామక్క అనే అమ్మాయికి మా దగ్గరే కాన్పు అయింది. తొలికాన్పు. బిడ్డ బాగానే ఉంది గాని తల్లికి రక్తం ఆగలేదు. డాక్టరమ్మ రాత్రంతా చేయగలిగింది చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి, "రక్తం ఎక్కించాలి. బళ్లారి పోవాలి, ఇప్పుడే," అన్నారు.

వెనక మంచంమీద రామక్కను పడుకోబెట్టాం. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రామక్క తల్లి కూర్చుంది. డాక్టరమ్మ సెలైను సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. అక్కడ చోటు చాలక నేను ముందు ఎక్కాను.

రాయదుర్గం దాటాక ఆయన వేగం పెంచాడు. దీపాల వెలుగు తెల్లగా, గట్టిగా రోడ్డు పొడుగునా పరుచుకుంటోంది. వెనకనుంచి రామక్క మూలుగు అప్పుడప్పుడూ వినిపిస్తోంది. అది ఆగినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. వెనక్కి తిరిగి చూశాను. అద్దంలోంచి డాక్టరమ్మ చెయ్యి, సీసా మాత్రం కనిపించాయి. మళ్ళీ ముందుకు తిరిగేసరికి రోడ్డు ఎడమకు తిరుగుతోంది.

దీపాల వెలుగు తిన్నగా పొలంలోకి పోయింది. ఆయన మలుపును ఆఖరు క్షణంలో పసిగట్టి స్టీరింగు చక్రం ఎడమకు గట్టిగా తిప్పాడు. ఆ ఎడమ అంచున, పగటి వేడి ఇంకా చల్లారని రోడ్డుమీద, కంబళ్ళు కప్పుకుని వరసగా మనుషులు పడుకుని ఉన్నారు. నలుగురో, ఐదుగురో. వాళ్ళ తలల దగ్గర మూటలు.

"ఆపు," అని చక్రం పట్టుకుని నావైపునుంచి నెట్టాను. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. బండి కంకరలో జారుతూ పోయి అడ్డంగా ఆగింది. మొదటి కంబళికీ మా ఎడమ చక్రానికీ మధ్య మూర దూరం లేదు.

ఇంజను ఆగిపోయింది. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

కంబళి కిందినుంచి ఒక ముసలామె లేచింది. వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని బండి ముందునుంచి నడిచి, అటు తిరిగి, ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చెయ్యి చాపితే ఆయన భుజం తగిలేంత దగ్గర. నెరిసిన జుట్టు, మెడలో పూసలు నాకు ఇవతలినుంచి కనిపిస్తున్నాయి. ఆయన నావైపు తిరిగి, మళ్ళీ తల తిప్పి ఆమె ఉన్న వైపే చూస్తూ అన్నాడు.

"ఎవురూ ల్యారు గదే. ఏంటికి అరిచినావు?"

ముసలామె ఆ మాట విన్నది. ఆయన కళ్ళల్లోకి చూసింది. తర్వాత ఆయన మీదినుంచి నావైపు చూసింది. తిరిగిపోయి, తనవాళ్ళను ఒక్కొక్కరినే లేపి రోడ్డు దించడం మొదలుపెట్టింది. వాళ్ళ గొంతులు వినబడ్డాక ఆయన మొహంలో రంగు పోయింది.

"ఏమైంది? ఎందుకాపావు ఓబుళేసూ?" వెనకనుంచి డాక్టరమ్మ కేక.

"గొర్రెలు డాక్టరమ్మా. అడ్డమొచ్చినాయి," అన్నాడు ఆయన.

"గొర్రెలేనమ్మా," అన్నాను నేను.

ఆయన బండి స్టార్టు చేశాడు. నేను దగ్గరికి జరిగి ఆయన ఎడమ మోచేతిమీద చెయ్యి వేశాను. "ఎడమకి," అన్నాను. "ఇంకొంచెం. తిన్నగా. ముందర మోరీ ఉండాది, నడిమికి రా." గొంతు వెనక్కి పోకుండా మాట్లాడాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాడు. మోచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. "కుడిపక్క బండి వస్తాండాది. ఎడమకి జరుపు. పోయింది. తిన్నగా." అట్లా ఎన్ని మైళ్ళు పోయామో తెలియదు. తూర్పున తెల్లబడి, రోడ్డుపక్క తుమ్మచెట్లు ఒక్కొక్కటిగా చీకట్లోంచి బయటపడ్డాక, ఆయనే మోచెయ్యి నెమ్మదిగా లాక్కున్నాడు. నేను నా చోటికి జరిగాను.

బళ్లారిలో రామక్కకు రక్తం ఎక్కించారు. ఎనిమిది గంటలకు పెదవుల్లో రంగు వచ్చింది. డాక్టరమ్మ వరండా చివర కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"అరగంట ఆలస్యమైతే దక్కేది కాదు," అన్నారు. "ఆ దీపాలు ఎంత మేలు చేశాయో చూశావా సుంకమ్మా?"

అవునమ్మా అంటే సరిపోయేది. మా రెండు గదులు మాకుండేవి. మా ఆయన ఖాకీ చొక్కా ఆయనకుండేది. వరండాలోంచి చూస్తే ఎండలో బండి కనిపిస్తోంది. ఆయన భుజంమీది తువ్వాలుతో దీపాల అద్దాల మీది దుమ్ము తుడుస్తున్నాడు. ఒకదాన్ని తుడిచి, వెనక్కి జరిగి చూసుకుని, మళ్ళీ తుడుస్తున్నాడు.

"దీపాల్లో తప్పేమీ ల్యాదమ్మా," అన్నాను.

"లేదనేగా నేనూ అంటున్నది."

"ముందు గూడా తప్పంతా దీపాలది గాదమ్మా."

ఆమె కొళాయి కట్టేశారు. తడి చేతులు అట్లాగే పట్టుకుని నా చూపు పోయిన వైపు చూశారు. ఆయన ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నాకు తెలిసి రెండేండ్లు."

ఆరోజే ఆమె ఆయన్ను కంటి డాక్టరు దగ్గరికి పంపించారు. చీకటిగదిలో పెట్టి చాలాసేపు చూశాడట. కంటి వెనకపొర జబ్బు, తండ్రినుంచి వచ్చి ఉంటుంది, మందు లేదు, ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కల చూపు, పగటి చూపు ఇంకొన్నేళ్ళు నిలవొచ్చు, కానీ బండి తోలే పని ఇక వద్దు అన్నాడు. ఆయన విని, నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఊరికి తిరిగి వచ్చాక తాళంచెవి తెచ్చి డాక్టరమ్మ బల్లమీద పెట్టాడు. ఆమె ఆయన్ను పంపేయలేదు. బండి కడగడం, ఇంజను చూసుకోవడం, మందుల గది పని అప్పగించారు.

నాతో మాట్లాడడం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెడితే తిన్నాడు. చెంబు జరిపితే మాత్రం దాన్ని తాకకుండా లేచిపోయేవాడు. మా అత్త నాకు వినపడేటట్టు గోడలతో మాట్లాడేది. "కట్టుకున్నదే మొగుని కూడు తీసె," అనేది.

రాయదుర్గంనుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. పది రోజులు ఉన్నాడు. తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో తాను ఉండలేనని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మరునాడే సాయంత్రం తిప్పమ్మ అనే ఆమెను తీసుకువచ్చారు. మూడో కాన్పు. ఫిట్స్ వస్తున్నాయి. బళ్లారి పోవాలి. దీపాలు బాగైన బండి షెడ్డులో ఉంది. తోలేవాడు లేడు. ఎద్దులబండి కట్టించి, నన్ను తోడిచ్చి పంపారు. ఎద్దులు ఆ కరువులో ఎముకలగూళ్ళు, అడుగు తీసి అడుగు వేయలేకపోయాయి. రాయదుర్గం ఇంకా రెండు మైళ్ళు ఉందనగా తిప్పమ్మ నా ఒళ్ళోనే పోయింది.

మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. గడపలో కూర్చుండిపోయాను. మా అత్త కాళ్ళకు నీళ్ళు తెచ్చిచ్చి, నా ఎదురుగా నిలబడింది.

"నువ్వు నోరు మూసుకొని ఉంటే ఆ తిప్పమ్మ బతికుండేది."

దారి పొడుగునా నేను అనుకుంటూ వచ్చింది ఆ మాటే.

"అమ్మా, ఊరకుండు," అన్నాడు లోపలినుంచి ఆయన. బయటికి వచ్చి నా పక్కన, ఒక మనిషి దూరంలో కూర్చున్నాడు. రెండు వారాలకు మొదటిసారి నాతో మాట్లాడాడు.

"క్లచ్చి ఏ కాలుతో తొక్కుతారో తెలుసునా నీకు?"

"ఎడం కాలు," అన్నాను.

"సూసినావే. ఇన్నేండ్లు పక్కన ఊరికే కూర్చోలే." లేచి నిలబడ్డాడు. "లెయ్. ఇంకా పొద్దుండాది."

ఆసుపత్రి వెనక బీడులో నేర్పించాడు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని కూర్చునేదాన్ని. ఆడమనిషి బండి తోలుతోందని పల్లెలనుంచి జనం వచ్చి గట్టుమీద వరసగా కూర్చునేవాళ్ళు. మా ఆయన వాళ్ళవైపు చూసేవాడు కాదు. తప్పు చేస్తే డ్యాష్‌బోర్డు మీద వేలితో కొట్టేవాడు, అంతే. డాక్టరమ్మ కిటికీలోంచి చూసి, రెండోరోజే లైసెన్సు కాగితాలు రాసి పంపించారు.

అనంతపురంలో పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూసి మా ఆయన్ను అడిగాడు. "ఏమప్పా, మీ ఊర్లో మొగోళ్ళు ల్యారా?"

"ఉండారు సార్," అన్నాడు ఆయన. "నాకు రాత్రి కండ్లు కనపడవు. ఈమెకు కనపడతాయి."

బయటివాళ్ళ ఎదుట ఆ మాట ఆయన అనడం అదే మొదటిసారి. ఇన్‌స్పెక్టరు ఇంకేమీ అడగలేదు. నాలుగు వీధులు తిప్పించి, నిటారుగా ఉన్న ఒక ఎత్తుమీద బండి ఆపించి మళ్ళీ ఎక్కించమన్నాడు. ఎక్కించాను.

ఆగస్టు నెలలో మొదటిసారి చీకట్లో నేనొక్కదాన్నే తోలాను. వెనక కాన్పుమనిషి, ఆమె మొగుడు, డాక్టరమ్మ. ఆయన వస్తానని అనలేదు, నేను రమ్మనలేదు. పోయేటప్పుడు బానెట్టు ఎత్తి తీగెలన్నీ చేత్తో తడిమి చూసి, దించి, పక్కకు తప్పుకున్నాడు. రోడ్డు మీద జనం ఇంకా నడుస్తూనే ఉన్నారు. దీపాల వెలుగులో ముందు వాళ్ళ కాళ్ళు, తర్వాత మూటలు, తర్వాత మొహాలు కనిపించేవి. వెలుగుకు అవతల అంచుల్లో ఉన్నవాళ్ళను మాత్రం నేను ఇరవై మైళ్ళ వేగం దాటకుండా వెతుక్కుంటూ పోయాను. బళ్లారి చేరేదాకా నా దవడలు బిగుసుకునే ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. ఆయన షెడ్డు మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను దిగాను. తల్లీబిడ్డా బాగున్నారని చెప్పాను. తల ఊపి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, రెండు మడ్‌గార్డులూ చేత్తో నిమిరి చూశాడు.

"రెండో గేరులోనే గుంజుతాండావు," అన్నాడు. "గుట్ట దాటేదాకా శబ్దం ఈడికి ఇనపడె. అంతసేపు గుంజకూడదు, ఇంజను పాడైతాది."

"సరే," అన్నాను.

"రా, బువ్వ తిందువు," అని ముందు నడిచాడు.